నెత్తురు, గొడ్డలి, బండరాయి: చిన్న సినిమాకు ప్రాపర్టీలు ఇంట్లోనే చేసుకోవడం ఎలా

మీ కథలో ఒక గొడ్డలి వేటు ఉంది. పగిలే అద్దం ఒకటి, పాత కోటగోడ మీంచి దొర్లిపడే రాయి ఒకటి ఉన్నాయి. కెమెరా అద్దె, అందరి భోజనాలు, బండ్ల పెట్రోలు పోను చేతిలో మిగిలింది నాలుగైదు వేలు. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో షార్ట్ ఫిల్ములు, చిన్న సినిమాలు తీసేవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే. ఇట్లాంటప్పుడు కొందరు హైదరాబాద్ నుంచి ప్రాపర్టీలు, అంటే సీనులో వాడే వస్తువులు, అద్దెకు తెద్దామని బయలుదేరి అడ్వాన్సుకే జేబు ఖాళీ చేసుకుంటారు. ఇంకొందరు "ఎడిటింగ్‌లో నెత్తురు వేసేద్దాం" అనుకుని వదిలేస్తారు. ఆ నెత్తురు తెర మీద ఎట్లా ఉంటుందో మీరూ చూసే ఉంటారు. చొక్కా ఒకవైపు కదులుతుంటుంది, మరక ఇంకోవైపు కదులుతుంటుంది.

కావలసినవన్నీ మన కిరాణం కొట్టులో, బేకరీ సామాన్ల దుకాణంలో, చెప్పులు కుట్టే సామాన్లు అమ్మేచోట, మెడికల్ షాపులో దొరుకుతాయి. కొన్ని సంవత్సరాలుగా మా ఇంటి వరండాలో ఇవి చేస్తూ, చెడగొడుతూ నేర్చుకున్నవి వరసగా చెప్తాను.

ముందు కాగితం, పెన్ను

ఏదీ కొనకముందే స్క్రిప్టు దగ్గర పెట్టుకుని కూర్చోండి. ప్రతి వస్తువు పక్కన నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. కెమెరా ఎంత దూరంలో ఉంటుంది? ఎన్ని టేకులు పడతాయి? ఎవరి ఒంటికైనా తగులుతుందా? తడుస్తుందా? ఈ పని డైరెక్టర్‌ను, కెమెరామన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చేయాలి. ఒక సినిమాకు మేం మొత్తం పద్నాలుగు వస్తువులు రాసుకుంటే, క్లోజప్‌లో కనిపించేవి మూడే అని తేలింది. మిగతా పదకొండింటికి దూరం నుంచి చూస్తే చాలనిపించే పనే సరిపోయింది. కెమెరా ఎంతవరకు చూస్తుందో అంతవరకే చేయండి. రాయి వెనకవైపుకు రంగు వేస్తూ ఒక పూట పోగొట్టుకున్న నాలాంటివాడి మాట ఇది.

దెబ్బలాటలో వాడే ఏ వస్తువైనా మూడు ఉండాలి. క్లోజప్‌కు అందంగా ఉండేది ఒకటి, కొట్టడానికి మెత్తటిది ఒకటి, పాడైతే అందుకోవడానికి ఇంకొకటి. మూడూ ఒకే రోజు, ఒకే రంగు డబ్బాలోంచి చేయండి. రెండు వారాల తర్వాత కలిపిన రంగు ఎప్పటికీ పాతదానితో కలవదు.

నెత్తురు

అందరూ మొదట చేసే తప్పు నీళ్లలో ఎర్ర రంగు కలపడం. అది రస్నా లాగా ఉంటుంది. నెత్తురుకు చిక్కదనం ఉండాలి, దానికంటే ముఖ్యంగా వెనక ఉన్నది కనపడకుండా కప్పే గుణం ఉండాలి. పంచదార పాకంలో రంగు కలిపితే చిక్కదనం వస్తుంది కానీ వెలుతురు దాంట్లోంచి దూరిపోతుంది. అందుకని కొంచెం కోకో పొడి కావాలి.

బేకరీ సామాన్ల దుకాణంలో లిక్విడ్ గ్లూకోజ్ అడగండి. తేనెకంటే చిక్కగా, రంగు లేకుండా ఉంటుంది. నాలుగు వందల గ్రాములు తీసుకుని, గిన్నెను వేడినీళ్లలో పెట్టి వదులు చేయండి. దాంట్లో వంద మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లు కొంచెం కొంచెంగా కలపండి. ఒక చెంచా కోకో పొడిని విడిగా రెండు చెంచాల నీళ్లతో ఉండలు లేకుండా పేస్టు చేసి అందులో వేయండి. తర్వాత తినే ఎర్ర రంగు. దుకాణంలో రెండు మూడు రకాల ఎరుపులు ఉంటాయి, గులాబీ వైపు పోయేదాన్ని వదిలేయండి. చివరకు నీలం రంగు ఒక్క చుక్క, చుక్కంటే నిజంగా చుక్క, అగ్గిపుల్ల కొనతో. ఆ చుక్కతో షర్బత్ కాస్తా నెత్తురవుతుంది. రెండు చుక్కలు పడితే మళ్లీ మొదటినుంచి చేసుకోవాల్సిందే.

తెల్ల గుడ్డ ముక్క మీద, ఎవరిదైనా అరచేతి మీద వేసి, మీరు షూట్ చేసే కెమెరాతోనే, షూట్ చేసే వెలుతురులోనే ఒకసారి చూడండి. ఇది చాలామంది చేయరు. మన వీధుల్లోని తెల్లటి ఎల్ఈడీ దీపాల కింద రాత్రిపూట ఇదే నెత్తురు నల్లగా కనిపిస్తుంది. అప్పుడు కోకో తగ్గించి ఎరుపు పెంచాలి. పసుపు బల్బు కింద గోధుమరంగుకు తిరుగుతుంది. ఫోన్ కెమెరా అయితే ఎరుపును ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుంది. అందుకని ఒకే పెద్ద సీసాలో కలిపి పెట్టుకుని, సీను సీనుకు చిన్న డబ్బాలోకి తీసుకుని సరిచేసుకోవడం మేలు.

నోట్లోంచి కారే నెత్తురుకు ఇదే వాడొచ్చు, ఎందుకంటే అన్నీ తినేవే. బట్టల మీద వేసేదానికి మాత్రం విడిగా ఒక డబ్బాలో కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి, ఉతికితే తొందరగా పోతుంది. ఈ రెండో డబ్బా మీద పెద్ద అక్షరాలతో "నోటికి కాదు" అని రాయండి. షూటింగ్ హడావుడిలో ఎవరు ఏది అందుకుంటారో చెప్పలేం. ఒంటికి రాసేముందు ఆ చోట పల్చగా కొబ్బరినూనె రాస్తే, మూడు రోజులు ఎర్ర చేతులతో తిరిగే బాధ తప్పుతుంది.

ఎండిన నెత్తురుకు ఇదే మిశ్రమంలో ఇన్‌స్టంట్ కాఫీ పొడి ఎక్కువ వేసి చిక్కగా చేయండి. గాయం అంచుల మీద ఆ కాఫీ పొడి పలుకులే నాలుగు చల్లితే చెక్కు కట్టినట్టు ఉంటుంది.

ఇప్పుడు చీమల సంగతి. ములుగు రోడ్డు మీద ఒక మామిడి తోటలో శవం సీను తీస్తున్నాం. పాకంతో చేసిన నెత్తురు అర లీటరు నేల మీద పోసి, మా నటుణ్ణి దాంట్లో పడుకోబెట్టాం. లైటింగ్ సర్దుకునేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. కెమెరా తిరగడం మొదలైన కాసేపటికి శవం "అన్నా, కండచీమలే!" అని ఎగిరి కూర్చుంది. వీపంతా దద్దుర్లు. తప్పు పూర్తిగా నాదే. అప్పటినుంచి నేల మీద పోసే నెత్తురుకు తీపి వాడటం మానేశాను. మొక్కజొన్న పిండిని నీళ్లలో గంజిలాగా కాచి, చల్లార్చి, అదే రంగు, అదే కోకో కలుపుతాను. మెరుపు కొంచెం తగ్గుతుంది కానీ దూరం షాటుకు తేడా తెలియదు. చీమలు అసలే రావని కాదు, షాటు అయ్యేదాకా ఆగుతాయి. అయితే గంజి నెత్తురు మర్నాటికి పులిసిపోతుంది, ఏ రోజుకు ఆ రోజే కాచుకోవాలి.

పసుపు బట్ట ఎర్రబడటం

ఇది మన ఇళ్లలో ఉన్న రసాయనశాస్త్రమే. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడతాయి కదా, అదే. కథలో పెళ్లి సీను ఉండి, పసుపు బట్టల్లో ఉన్నవాళ్లకు గాయమయ్యే సందర్భం ఉంటే దీన్ని మించినది లేదు. తెల్ల నూలు బట్టను చిక్కటి పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టండి. తాంబూలంలోకి వాడే సున్నం ఒక చెంచా గ్లాసెడు నీళ్లలో కలిపి, రెండు గంటలు కదలకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు మాత్రం వంచుకోండి. నీళ్లలాగే ఉంటుంది, రంగుండదు. చొక్కా లోపలివైపు నుంచి సన్నటి పైపుతో ఆ తేట నీళ్లు వదిలితే, కెమెరా ముందు పసుపు బట్ట మీద మరక తనంతట తానే ఎర్రగా పుట్టి పాకుతుంది. పోసినట్టు కాదు, లోపలినుంచి ఊరినట్టు.

రెండో టేకు కావాలా? ఆ బట్టను నిమ్మరసం పిండిన నీళ్లలో ముంచండి, మళ్లీ పసుపవుతుంది. పూర్తిగా కాకపోయినా చాలావరకు. తర్వాత మామూలు నీళ్లలో రెండుసార్లు జాడించాలి. పులుపు మిగిలితే రెండోసారి సున్నం పనిచేయదు.

సున్నపు నీళ్లు ఒంటికి మంచివి కావు, కంటికి అసలే కావు. లోపల ఒక ప్లాస్టిక్ కాగితం, దాని మీద బనియను వేసి, ఆ పైన ఈ చొక్కా తొడగాలి. మెడ పైభాగంలో ఈ పద్ధతి వద్దు. చిన్నపిల్లలు నటించే సీనులో కూడా వద్దు.

గొడ్డలి

ఊళ్లో అసలు గొడ్డలి అడిగితే ఎవరైనా ఇస్తారు. అందుకే చాలామంది అసలుదాన్నే వాడేస్తారు. క్లోజప్‌లో, ఎవరూ దగ్గర లేనప్పుడు, నేల మీద పడి ఉన్నట్టు చూపించడానికి అయితే సరే. మనిషి వైపు ఎత్తే షాటులో మాత్రం మొద్దు గొడ్డలి కూడా వద్దు. అంచు మొండిదైనా బరువు బరువే.

చెప్పుల అడుగుభాగానికి వాడే ఫోమ్ షీటు చెప్పుల సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. పది మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. అసలు గొడ్డలిని దాని మీద పెట్టి గీత గీసుకుని, రెండు ముక్కలు కోసి ఒకదానికొకటి అంటించండి. అంచును కటర్‌తో ఏటవాలుగా చెక్కి, సాండ్‌పేపర్‌తో రుద్దండి. కర్రకు సన్నటి పీవీసీ పైపు ముక్క తీసుకుని దాని చుట్టూ కూడా ఇదే షీటు చుట్టాలి. పైపు కొన గొడ్డలి తల దాటి బయటకు రాకూడదు.

ఆ తర్వాత వేడి. మొబైల్ రిపేరు చేసేవాళ్ల దగ్గర వేడిగాలి మిషన్ ఉంటుంది. పావుగంట పని అని అడిగితే చేసిస్తారు. ఫోమ్ మీద వేడిగాలి తగిలితే పైన ఉన్న సన్నటి రంధ్రాలు మూసుకుపోయి నున్నగా అవుతుంది. ఒకేచోట ఎక్కువసేపు పెడితే ముడుచుకుపోతుంది, కదుపుతూ ఉండాలి. ఆరుబయట చేయండి, ఆ వాసన మంచిది కాదు. తర్వాత ఫెవికాల్, నీళ్లు సమంగా కలిపి మూడు పూతలు వేయాలి. ఒక పూత ఆరాకే ఇంకొకటి. తొందరపడి ఈ పూతలు తగ్గిస్తే ఫోమ్ రంగును తాగేస్తుంది, వంచినప్పుడు పగుళ్లు తేలుతుంది.

రంగు విషయంలో అందరూ నేరుగా వెండి పెయింటు కొడతారు. అప్పుడది నాటకంలో గద లాగా ఉంటుంది. ముందు మొత్తం నల్లరంగు వేయండి. ఆరాక పెన్సిల్ ములుకులు చెక్కి పొడి చేసి, ఆ పొడిని వేలితో నలుపు మీద రుద్దండి. ఇనుముకు ఉండే ఆ మసక మెరుపు వచ్చేస్తుంది. అంచు మీద మాత్రం పొడి బ్రష్‌తో వెండి పెయింటు ఒక్క గీత. కర్ర బిగించిన మూల దగ్గర ఇటుకపొడి, కాఫీపొడి ఫెవికాల్‌లో కలిపి అద్దితే తుప్పు. పట్టుకునేచోట కర్రకు నూనె చేతితో రుద్దండి. పనిముట్టు వాడినట్టు కనిపించేది అక్కడే.

గొడ్డలి దిగబడినట్టు చూపించాలంటే ఇంకో తల చేసి, అంచు వైపు సగం కోసేయండి. కోసిన చోటును అట్టముక్కకు అంటించి, అట్టకు గుడ్డపట్టీ కుట్టి, నటుడి ఒంటికి చొక్కా లోపల కట్టండి. చొక్కాకు చీలిక ఇచ్చి గొడ్డలి బయటకు తీస్తే చాలు. దాని వెనకనుంచి సెలైన్ పైపు ఒకటి లాగి, పైపు చివర పెద్ద సిరంజి పెట్టి, కెమెరాకు కనిపించని వైపు ఒకరిని కూర్చోబెట్టండి. పైపు, సిరంజి కొత్తవి అయి ఉండాలి, ఆసుపత్రిలో వాడి పడేసినవి ముట్టుకోవద్దు. సిరంజి ఒక్కసారిగా నొక్కకుండా, కొంచెం నొక్కి, ఆపి, మళ్లీ నొక్కితే గుండె కొట్టుకుంటున్నట్టు వస్తుంది. గట్టిగా నొక్కితే చిన్నపిల్లల హోలీ పిచికారీ.

తుపాకీ దెబ్బ

దీన్ని తొందరగా చెప్పేస్తాను. పేలుడు పదార్థాలు, దీపావళి టపాకాయలు, పొటాషు, ఏదీ ఒంటి మీద వద్దు. అనుమతి, శిక్షణ ఉన్నవాళ్లు తప్ప ఎవరూ చేయకూడని పని అది. దాని బదులు చొక్కా లోపలివైపు ఒకచోట సాండ్‌పేపర్‌తో గుడ్డ చిరగబోయేంత వరకు రుద్దండి. చిన్న పాలిథిన్ కవర్లో రెండు చెంచాల నెత్తురు పోసి, చేపలు పట్టే నైలాన్ తీగ చివర పెద్ద బొత్తాం కట్టి, బొత్తాం ఒంటి వైపు, కవరు గుడ్డ వైపు వచ్చేట్టు టేపుతో అంటించండి. తీగను కవరు పక్కనుంచి, పల్చబడ్డ గుడ్డలోంచి బయటకు తీయాలి. ఎదుటినుంచి ఒకరు చటుక్కున లాగితే బొత్తాం కవరును చింపి, గుడ్డను చీల్చుకుని బయటకొస్తుంది. మంట, శబ్దం ఎడిటింగ్‌లో వేసుకోండి, అక్కడ గ్రాఫిక్స్ బాగానే పనికొస్తాయి.

బొమ్మ తుపాకీ అయినా సరే, రోడ్డు మీద తీస్తుంటే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ముందే కాగితం రాసివ్వండి. నెత్తురు సీనుకు కూడా ఇదే మాట.

పగిలే అద్దం

సినిమాల్లో పగిలే అద్దం చక్కెరతో చేస్తారని వినే ఉంటారు. దాన్ని చేయడానికి విదేశీ వీడియోల్లో థర్మామీటర్ చూపించి 150 డిగ్రీల సెల్సియస్ అంటారు. అది సరైన లెక్కే. థర్మామీటర్ లేకపోతే మీ అమ్మమ్మను పిలవండి. పాకం చుక్క చల్లటి నీళ్లలో వేసి, తీసి పళ్లానికి కొడితే టంగుమనాలి అంటారు చూడండి, దానికంటే ఇంకొంచెం ముదరాలి. నీళ్లలోంచి తీసిన తీగ వంగకుండా పుటుక్కున విరగాలి. కామునిపున్నమికి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు పోసేవాళ్లు మీకు తెలిసుంటే ఒకరోజు వాళ్ల దగ్గర కూర్చోండి, సగం విద్య అక్కడే వస్తుంది.

కొలత: చక్కెర రెండు గ్లాసులు, నీళ్లు ఒక గ్లాసు, లిక్విడ్ గ్లూకోజ్ అర గ్లాసు. గ్లూకోజ్ లేకపోతే చక్కెర మళ్లీ గడ్డకట్టి తెల్లబడుతుంది. మధ్యస్తం మంట మీద చక్కెర కరిగేదాకే కలపండి, పొంగు మొదలయ్యాక గరిటె పెట్టొద్దు. ముదిరేకొద్దీ పసుపు రంగు వస్తుంది, కిటికీ అద్దానికి అది రాకముందే దించాలి. మందు సీసా ముక్కలకైతే ఆ రంగే కావాలి. నూనె రాసిన ఫాయిల్ కాగితం పళ్లెంలో పరిచి, నెమ్మదిగా పోయండి. మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు మించకూడదు. ఈ పాకం ఒంటి మీద పడితే మరిగే నీళ్లకంటే ఘోరంగా కాలుతుంది, అంటుకుని వదలదు. పూర్తి చేతుల చొక్కా, చెప్పులు కాదు బూట్లు, పక్కన బకెట్ చల్లటి నీళ్లు. పిల్లల్ని వంటింట్లోకి రానివ్వొద్దు.

వానాకాలంలో చక్కెర అద్దం చేయకండి. నిజంగా చెప్తున్నాను. గాలిలో తేమను పీల్చి సాయంత్రానికి చేతికి అంటుకుంటుంది, మర్నాటికి వంగిపోతుంది. ఎండాకాలమైనా పొద్దున చేసి, గాలి చొరబడని డబ్బాలో, కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు నాలుగు వేసి, అదేరోజు వాడేయండి.

సీసా మొత్తం పోయడం అనేది ఇంకో స్థాయి పని. దానికి రెండు రసాయనాలు కలిపి పోసే సిలికాన్ రబ్బరుతో అచ్చు చేయాలి, అది ఖరీదు. నా సలహా అయితే సీసా పోయొద్దు. అసలు సీసా ఎత్తిన చేయి ఒక షాటు, అవతలివాడు తల వంచడం ఇంకో షాటు, భుజం మీంచి జారే చక్కెర ముక్కలు మూడో షాటు. మధ్యలో శబ్దం. చూసేవాళ్లు సీసా పగిలిందనే చెప్తారు. ఇంకొక మాట: చక్కెర అద్దం కూడా కోస్తుంది, గాజు అంతగా కాదు అంతే. కళ్ల దగ్గర, మొహం మీద పగలగొట్టకండి.

బండరాయి

ఇదే నాకు ఇష్టమైన పని, కాస్త ఓపిగ్గా చదవండి. మా కథలో పాత కోటగోడ రాయి ఒకటి ఊడి పడాలి. వరంగల్ కోట పురావస్తు శాఖ కింద ఉంది, అక్కడ షూటింగ్‌కు వాళ్ల అనుమతి కావాలి, అనుమతి వచ్చినా అక్కడి రాయిని వేలితో కదపడానికి వీల్లేదు, కదపకూడదు కూడా. అందుకని రాయిని ఇంట్లోనే పుట్టించాలి.

రాయిలా కనపడాలి, బరువు ఉండకూడదు అనే ఆలోచన ఈ నేలకు కొత్త కాదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలే తేలిక ఇటుకలు వాడారు, కింద కట్టడం మీద భారం పడకుండా. మనది అంత గొప్ప పని కాకపోయినా దారి అదే.

ఫ్రిజ్‌లు, టీవీలు అమ్మే దుకాణాల వెనక థర్మోకోల్ ఊరికే దొరుకుతుంది. ముక్కల్ని ఫెవికాల్‌తో కలిపి దిమ్మ చేయండి. చెప్పులకు వాడే రబ్బరు సొల్యూషన్‌తో అంటించొద్దు, అది థర్మోకోల్‌ను తినేస్తుంది. స్ప్రే పెయింటు, థిన్నర్ కూడా అంతే. ఒక రాత్రి ఆరాక హాక్‌సా బ్లేడుతో చెక్కండి. అసలు రాయి ఫోటో ముందు పెట్టుకోండి. చేత్తో చెక్కిన కోటరాయికి అంచులు నేరుగా ఉంటాయి కానీ మూలలు అరిగి ఉంటాయి. ఉలి గాట్లు ఒకే వాలులో ఉంటాయి. ఎటుపడితే అటు గీస్తే అది రాయి కాదు, పాత పరుపు.

పై చర్మం కోసం చేర్యాల బొమ్మల దారి పట్టండి. అక్కడ మాస్కులు చేసేవాళ్లు చింతగింజల జిగురు, చెక్కపొట్టు కలిపి ముద్ద చేస్తారు. ఎండితే గట్టిగా, తేలిగ్గా ఉంటుంది. పగుళ్లు తక్కువ. చింతగింజలు వేయించి, తొక్క తీసి, రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బాలి. నీళ్లు పోసి సన్నటి మంట మీద కలుపుతూ ఉడికిస్తే జిగురవుతుంది. సామిల్లు నుంచి తెచ్చిన పొట్టును జల్లించి, మెత్తటిది జిగురులో కలిపి చపాతీ పిండిలా చేయండి. ముందు థర్మోకోల్ మీద మైదా జిగురుతో న్యూస్‌పేపర్ రెండు పొరలు అంటించి, అవి ఆరాక ఈ ముద్దను అర సెంటీమీటరు మందంలో మెత్తండి. తడిగా ఉన్నప్పుడే అసలు గ్రానైటు రాయి ఒకటి తెచ్చి దానికేసి అదిమితే గరుకుదనం దిగుతుంది. నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే పైన ఆరి లోపల తడి మిగిలి బీటలు వారుతుంది. పోస్టర్లు అంటించేవాళ్లు మైదాలో మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టకుండా. రాయికైతే ఫర్వాలేదు. మొహానికి పెట్టుకునే దేనిలోనూ కలపొద్దు, అది విషం.

రంగుకు గోడలకు వేసే తెల్ల ప్రైమరు, నల్ల ఆక్సైడు పొడి చాలు. బూడిదరంగు వేసి, పాత టూత్‌బ్రష్‌తో తెలుపు, నలుపు, కొద్దిగా కావిరంగు చుక్కలు చిమ్మండి. గ్రానైటు వచ్చేస్తుంది. వేయిస్తంభాల గుడి స్తంభాల్లాంటి నున్నటి నల్లరాయి కావాలంటే నలుపు వేసి, ఆరాక నల్ల బూటు పాలిష్ రాసి గుడ్డతో మెరిసేదాకా రుద్దండి. సందుల్లో పచ్చరంగు వేసిన చెక్కపొట్టు ఫెవికాల్‌తో అద్దితే పాకుడు.

పగిలే రాయి కావాలంటే దిమ్మను మూడు నాలుగు ముక్కలుగా చేసి, మధ్యలో తొలిచి ముల్తానీ మట్టి పొడి నింపి, అంచులకు పల్చటి మైదా జిగురు మాత్రం రాసి కలపండి. పడగానే విడిపోయి దుమ్ము లేస్తుంది. మోసే రాయి అయితే లోపల నాలుగైదు కిలోల ఇసుక సంచి పెట్టండి. నటుడు ఎంత బాగా నటించినా, థర్మోకోల్ ఎత్తేటప్పుడు మెడనరాలు బిగుసుకోవు. మనిషి మీద పడే రాయిలో మాత్రం ఏమీ ఉండకూడదు. రెండూ కలిసిపోకుండా ఇసుక ఉన్నదాని అడుగున ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు వేయండి.

దుమ్ము, పొగ, వాన

దుమ్ముకు ఇదే ముల్తానీ మట్టి. పాత సాక్సులో పోసి ముడివేసి, ఫ్రేము బయట నుంచి కర్రతో కొట్టండి. అందరూ మాస్కులు పెట్టుకోవాలి, కెమెరాకు ప్లాస్టిక్ కవరు కప్పాలి.

పొగకు పెళ్లిళ్లకు డీజే, డెకరేషన్ చేసేవాళ్ల దగ్గర ఫాగ్ మిషన్ అద్దెకు దొరుకుతుంది. పెళ్లిళ్లు లేని రోజుల్లో బేరం ఆడొచ్చు. చిన్న గదికి సాంబ్రాణి చాలు, కిటికీ తెరిచి, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకుని. ఆరుబయట పొగ నిలవాలంటే సూర్యుడు వచ్చీరాని వేళ తప్ప మరో దారి లేదు. తర్వాత గాలి మీ మాట వినదు.

వానకు పొలంలో వాడే స్ప్రింక్లర్ పైపులు, మోటరు ఉన్న బావి దగ్గర తీయండి. నీళ్లు ఎన్ని పోసినా వెనకనుంచి లైటు కొట్టకపోతే కెమెరాలో వాన కనపడదు. ఎదురుగా లైటు పెట్టి నానా తంటాలు పడేవాళ్లను చూశాను. ఆ వెనక లైటు బ్యాటరీదై ఉండాలి, తడి నేల మీద కరెంటు వైరు లాగొద్దు. కిటికీ అద్దం మీద చినుకులకు భుజాన వేసుకునే స్ప్రేయర్ పంపు బాగుంటుంది కానీ పత్తికో మిరపకో మందు కొట్టిన పంపు ఎన్నిసార్లు కడిగినా వాడొద్దు. కొత్తది కొనండి, లేదా వాన సీను తీసేయండి.

షూటింగ్ రోజు సంచి

ఫెవికాల్, రెండు రకాల టేపు, కటర్, సూది దారం, పిన్నీసులు, పాత గుడ్డలు, తడి టిష్యూలు, కొబ్బరినూనె, చేతి తొడుగులు, బ్యాండేజీలు, కాలిన గాయాల మందు, ఇసుక బకెట్. ప్రతి టేకు అయ్యాక నెత్తురు మరకకు ఫోన్లో ఫోటో తీసిపెట్టుకోండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత మరక కుడి భుజం మీదా ఎడమ భుజం మీదా అని గొడవ వచ్చినప్పుడు ఆ ఫోటోనే తేలుస్తుంది. కొత్త జిగురు, రంగు ఏది రాయాలన్నా ముందురోజే నటుడి ముంజేతి మీద చిన్న మచ్చంత రాసి చూడండి. దురద వస్తే అది వాడొద్దు.

ఇంటికొచ్చాక నెత్తురు బట్టలు చల్లటి నీళ్లలోనే నానబెట్టండి, వేడినీళ్లు వద్దు. చక్కెర ముక్కలు ఊడ్చి కవర్లో కట్టి పారేయండి, లేకపోతే రాత్రికి చీమల జాతరే. గొడ్డలిని సంచిలో కుక్కకుండా గోడకు తగిలించండి, ఫోమ్ వంకర పోతే తిరిగి రాదు.

మా కోటరాయి ఇప్పటికీ డాబా మీద ఉంది. మొన్న ఎండాకాలంలో మా అమ్మ వడియాలు పెట్టి, చీర గాలికి లేవకుండా ఒక మూలన మంచి బరువైన రాయి అని దాన్ని పెట్టింది. మధ్యాహ్నం గాలిదుమారం వచ్చింది. చీర, వడియాలు, రాయి మూడూ పక్కింటివాళ్ల జామచెట్టులో దొరికాయి.